మన కాసులపేరులో ఉన్నది అలెగ్జాండర్ కాదు

ముదినేపల్లి, మండవల్లి, కైకలూరు వైపు పాత ఇళ్ళల్లో ఒక మాట బలంగా పాకింది. అమ్మమ్మల నాటి కాసులపేర్లలో గ్రీకు నాణేలున్నాయని, గుర్రమెక్కి పామును పొడిచే వీరుడు అలెగ్జాండరని, జుట్టుకు రిబ్బను చుట్టుకున్న ఆడమనిషి గ్రీకు దేవతని చెప్పుకుంటున్నారు. ఘంటసాల రేవుకు యవనులు వచ్చారు కాబట్టి వాళ్ళ బంగారం కొల్లేటి ఒడ్డు ఇళ్ళల్లో మిగిలిందనీ, ఒక్కో కాసు కోట్లు పలుకుతుందనీ అంటున్నారు. పెళ్ళిళ్ళలో, పంపకాల దగ్గర ఈ మాట వింటున్నాం. చదువుకున్నవాళ్ళు కూడా కాదనడం లేదు.

ఈ మాట తప్పు. యవనులు వచ్చారన్న ఒక్క ముక్క తప్ప మిగతాదంతా తప్పు. తప్పని చెప్పి ఊరుకుంటే చాలదు, ఎందుకంటే దీన్ని నమ్మి పేర్లు తెగ్గొడుతున్నారు. కాసుల పైనున్న రింగులు ఊడదీయిస్తున్నారు. ఇటుకపొడి వేసి రుద్దుతున్నారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు తలా ఒక కాసు తీసుకుని తలా ఒక ఊరు పట్టుకుపోతున్నారు. మూడు తరాలు కలిసి ఉన్న వస్తువు ఒక్క పుకారుతో ముక్కలవుతోంది. అందుకే ఒక్కో వాదాన్నీ తీసుకుని జవాబు చెబుతాను.

ముందు ఆ గుర్రపు రౌతు సంగతి. తలమీద శిరస్త్రాణం, ఒంటిమీద దాదాపు బట్టలేని శరీరం, వెనక ఎగిరే ఉత్తరీయం, గుర్రం కాళ్ళ కింద రెక్కల పాములాంటి జంతువు. చూడగానే గ్రీకు శిల్పం గుర్తొస్తుంది, నిజమే. అలా గుర్తు రావాలనే చెక్కారు. చెక్కినవాడు ఇటలీ నుంచి లండన్ వెళ్ళిన బెనెడెట్టో పిస్ట్రూచి. చెక్కింది 1817లో. ఆయన రత్నాల మీద బొమ్మలు చెక్కే పనివాడు, పాత గ్రీకు రోమను పద్ధతిలో చెయ్యి తిరిగినవాడు. ఆ వీరుడు సెయింట్ జార్జి, ఇంగ్లండు దేశానికి రక్షకుడిగా వాళ్ళు కొలిచే క్రైస్తవ సాధువు. కింద ఉన్నది డ్రాగన్. ఆ కాసు ఇంగ్లీషు సవరను, మన పెద్దవాళ్ళు పౌను అన్నది దాన్నే. నమ్మకం కుదరకపోతే భూతద్దం పట్టి డ్రాగను కింద గీత దిగువన చూడండి. మధ్యలో సంవత్సరం అంకెల్లో ఉంటుంది. కుడిపక్క చివర చాలా చిన్నగా బీ, పీ అని రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. అవి పిస్ట్రూచి పొడి అక్షరాలు. అలెగ్జాండర్ కాలపు టంకసాలలో క్రీస్తు శకం సంవత్సరం వేసే వీలు లేదని వేరే చెప్పనక్కరలేదు.

బొమ్మవైపు తిప్పండి. రిబ్బను చుట్టిన కొప్పుతో ఎడమవైపు చూస్తున్న యువతి ఉంటే ఆమె విక్టోరియా రాణి. 1838 నుంచి 1887 దాకా ఆ తల నడిచింది. తలమీద చిన్న కిరీటం, మేలిముసుగు ఉంటే 1887 నాటి స్వర్ణోత్సవపు బొమ్మ. ముఖం ముదిరి, ముసుగు భుజాల మీదికి జారి ఉంటే 1893 నుంచి 1901 దాకా వేసినది. గడ్డం, బట్టతల ఉన్న పెద్దమనిషిని గ్రీకు తత్వవేత్త అన్నవాళ్ళున్నారు. ఆయన ఏడో ఎడ్వర్డు, 1902 నుంచి 1910 వరకు. గడ్డం, చక్కగా దువ్విన జుట్టు ఉంటే అయిదో జార్జి, 1911 నుంచి. చుట్టూ ఉన్న రాత చదవలేకపోతున్నాం కాబట్టి అది గ్రీకు అనడం ఇంకో పొరపాటు. అది లాటిన్. జార్జి పేరులో ‘యు’ అక్షరం ఉండాల్సిన చోట ‘వి’ చెక్కుతారు, పాత రోమను శాసనాల తరహాలో. దానివల్ల ఇంగ్లీషు వచ్చినవాళ్ళు కూడా తికమకపడతారు. ఓపికగా అక్షరం అక్షరం కూడబలుక్కుంటే పేరు, తరవాత ‘దేవుడి దయవల్ల’ అనే అర్థం ఇచ్చే లాటిన్ మాటలు, 1893 తరవాతి కాసుల మీద ‘భారత చక్రవర్తి’ అనే బిరుదుకు కుదింపు కనిపిస్తాయి. ఇండియా పేరు రాసి ఉన్న కాసును గ్రీకు కాసు అనడానికి ఎవరికైనా మనసెలా ఒప్పుతుంది?

అసలు అలెగ్జాండర్ బంగారు నాణెం ఎలా ఉంటుందో చూస్తే ఈ గొడవ సగం తీరిపోతుంది. ఒకవైపు జూలు శిరస్త్రాణంతో అథీనా దేవత తల ఉంటుంది. రెండోవైపు రెక్కలు విప్పి నిలబడ్డ విజయదేవత నైకీ, ఒక చేతిలో దండ, ఇంకో చేతిలో ఓడ కొయ్యలాంటి కర్ర, పక్కన నిలువుగా గ్రీకు అక్షరాల్లో అలెగ్జాండర్ పేరు. గుర్రం లేదు, పాము లేదు, రాజు ముఖం కూడా లేదు. వెండి నాణేల మీద సింహం తోలు కప్పుకున్న హెరాక్లీస్ తల, వెనక సింహాసనం మీద కూర్చున్న జ్యూస్. అలెగ్జాండర్ ముఖమని అందరూ ఒప్పుకునే బొమ్మ నాణెం మీదికి ప్రసిద్ధంగా ఎక్కింది ఆయన పోయాక, ఆయన సేనానుల్లో ఒకడైన లైసిమాకస్ వేయించినప్పుడు. అందులో చెవి పక్కన పొట్టేలు కొమ్ము వంకర తిరిగి ఉంటుంది. ఇప్పుడు మీ పేరులోని కాసును చూసి చెప్పండి, వీటిలో ఒక్కటైనా కనిపిస్తోందా?

రెండో వాదం బరువు. ‘తూచి చూశాం, గ్రీకు నాణెం బరువుకు సరిపోయింది’ అంటున్నారు. సవరను బరువు 7.98 గ్రాములు. అలెగ్జాండర్ బంగారు నాణెం సుమారు 8.6 గ్రాములు. సవరనుకు పైన రింగు అతికి, టంకం వేసి, ఒక ముత్యమో కెంపో వేలాడదీస్తే ఎనిమిదిన్నర రావడం పెద్ద విశేషం కాదు. నగలో ఇమిడిన కాసును కాటాలో వేసి వచ్చిన అంకెను పురాతన నాణెం బరువుతో పోల్చడం ఏ లెక్కకూ నిలవదు. రోమను బంగారు నాణెం ఆగస్టస్ కాలంలో 7.8 గ్రాముల దరిదాపుల్లో ఉండేది, నీరో తరవాత 7.3కు తగ్గింది. అంటే బరువొక్కటే చూస్తే సవరనును రోమను అనీ అనొచ్చు, గ్రీకు అనీ అనొచ్చు. మన దుకాణాల్లో కాసు బంగారం అంటే 8 గ్రాములు. అది ఏ నాణేనికి దగ్గరో చెప్పడానికి చరిత్రకారుడు అక్కరలేదు.

బరువుకన్నా నమ్మకమైన సాక్షి అంచు. సవరను అంచును గోటితో నిమరండి, వరసగా సన్నని గాట్లు తగులుతాయి. ఆ గాట్లు యంత్రం పెట్టినవి. ప్రాచీన నాణేన్ని రెండు అచ్చుల మధ్య వేడి లోహపు బిళ్ళను పెట్టి, పైనుంచి సుత్తితో కొట్టి చేసేవారు. అందుకే అది పూర్తి గుండ్రంగా ఉండదు, బొమ్మ ఒక పక్కకు జరిగి ఉంటుంది, మందం ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ. ఏ పాత గ్రీకు బంగారు నాణేనికీ ఇలా సమానమైన గాట్ల అంచు లేదు. వెడల్పు కూడా చూడండి. సవరను 22 మిల్లీమీటర్లు, పలచన. అలెగ్జాండర్ బంగారు నాణెం 18 మిల్లీమీటర్ల చుట్టూ ఉండి దళసరిగా ఉంటుంది.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే మీ కంసాలి గీటురాయి చాలు, లేదా హాల్‌మార్క్ కేంద్రంలో ఉండే ఎక్స్‌రే యంత్రం. ఆ యంత్రం నగను గీకదు, కరిగించదు, చిన్న చుక్క మీద కిరణం వేసి బంగారం శాతం చెబుతుంది. రింగు మీద, టంకం మీద కాకుండా కాసు నడిమి భాగం మీద చూపించమనండి. సవరను 22 క్యారట్లు, అంటే నూటికి 91.67. అలెగ్జాండర్, ఆయన తండ్రి ఫిలిప్పుల బంగారు నాణేలు దాదాపు మేలిమి. వందకు తొంభయ్యారు, తొంభైఏడు దాటకుండా 91 దగ్గర ఆగిన కాసును అలెగ్జాండర్ కాసు అనలేం. ఇంకా పాతవైన లిడియా నాణేల్లో వెండి బాగా కలిసి ఉంటుంది, కానీ అవి చూడటానికే వేరు. ముతకగా, చిక్కుడు గింజ ఆకారంలో ఉంటాయి. వాటిని సవరనుతో పొరబడే అవకాశమే లేదు.

ఇక అసలు పెద్ద వాదం, యవనుల రాక. ఇందులో ఒక సత్యం ఉంది, దాన్ని తక్కువ చేయను. రెండో శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో చెప్పిన కొంటకొస్సిల మన ఘంటసాలే అని పండితులు గుర్తించారు. అంతకు ముందరి నావికుల గ్రంథం పెరిప్లస్ మసాలియా తీరంలో సన్నని నూలు బట్టలు నేసేవారని రాసింది, అది ఈ కృష్ణా తీరమే. నాగార్జునకొండ శాసనంలో యోనరాజుల, అంటే యవన రాజుల, ప్రస్తావన ఉంది. ఇదంతా మన గొప్ప చరిత్ర. కానీ దీని నుంచి ‘మన మెడలో గ్రీకు నాణేలు’ అన్న చోటికి దూకడానికి దారి లేదు.

ఎందుకు లేదో చెబుతాను. అలెగ్జాండర్ క్రీస్తుపూర్వం 326లో బియాస్ నది దగ్గర వెనుదిరిగాడు. అక్కడి నుంచి కొల్లేటికి వెయ్యి మైళ్ళకు పైనే. ఆయన తరవాత వాయవ్య దిక్కున పాలించిన ఇండో గ్రీకు రాజుల నాణేలు ఎక్కువగా వెండి, రాగి. వాటి మీద ఒకవైపు గ్రీకు, ఇంకోవైపు చాలావరకు ఖరోష్ఠి లిపి. వాళ్ళ బంగారం చాలా అరుదు. ఇక మన రేవులకు వచ్చిన యవన వర్తకులు నాలుగు శతాబ్దాల తరవాతివాళ్ళు, రోము ఏలుబడిలోని ఈజిప్టు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళు మాట్లాడింది గ్రీకే, కాని చెల్లించింది రోము డబ్బు. ఈజిప్టు లోపల చెల్లే గ్రీకు రాతల నాణెం ఆ దేశం దాటి చెల్లేది కాదు, సముద్రం మీద సరుకు కొనడానికి రోమను వెండి, బంగారమే పట్టుకొచ్చేవారు. అందుకే మన నేలలో దొరికిన ఆ కాలపు విదేశీ నాణేలు దాదాపు అన్నీ రోమనువే. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1,500కు పైగా వెండి నాణేలు, కరీంనగర్ వైపు నస్తుళ్ళాపూర్‌లో మరికొన్ని, ఎక్కువగా ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమను బంగారం బయటపడింది. పరమేశ్వరీలాల్ గుప్త 1965లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరఫున ఒక పుస్తకమే రాశారు, ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమను నాణేల మీద. గ్రీకు నాణేల మీద అలాంటి పుస్తకం లేకపోవడం ఎవరి నిర్లక్ష్యమూ కాదు, రాయడానికి సరుకు లేదు.

‘మరి నెల్లూరులో చిల్లులు పెట్టిన నాణేలు దొరికాయి కదా, నగలుగా వాడారు కదా’ అని అడిగేవాళ్ళకు ఆ కథ పూర్తిగా చెప్పాలి. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి ఆనవాళ్ళు, దాని కింద ఒక చిన్న కుండ, కుండలో రోమను బంగారు నాణేలు. చక్రవర్తులు ట్రేజన్, హేడ్రియన్, చక్రవర్తిని ఫాస్టీనాల బొమ్మలవి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్ముకున్నాడు. చాలా కాసులు కరిగిపోయాయి. మిగిలిన ముప్ఫయి చిల్లరను ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా చేజిక్కించుకున్నాడు. మద్రాసు గవర్నరుగా చేసిన డేవిడ్‌సన్ వాటిని చూసి, కొన్ని టంకసాల నుంచి నిన్న వచ్చినంత కొత్తగా ఉన్నాయనీ, కొన్ని అరిగి చిల్లులు పడి మెడలోనో చేతికో వేసుకున్నట్టున్నాయనీ రాశాడు. ఆ ఉత్తరం ఏషియాటిక్ రీసెర్చెస్ రెండో సంపుటంలో అచ్చయింది.

ఇది మన తెలుగు నేల మీద జరిగిన, రాతలో నిలిచిన సంగతి. రోమను నాణేలను ఇక్కడివాళ్ళు నగలుగా వేసుకున్నారనడానికి ఇది సాక్ష్యం. రాజు తల పైభాగంలో పక్కపక్కనే రెండు చిల్లులు పెట్టడం దక్షిణాదిలో దొరికిన రోమను బంగారానికీ, దాన్ని చూసి ఇక్కడి పనివాళ్ళు కొట్టిన నకళ్ళకూ ఒక గుర్తు. బంగారం కొనలేనివాళ్ళు మట్టితో అలాంటి బిళ్ళలు చేసుకున్నారు, పాత మెదక్ జిల్లా కొండాపూర్ తవ్వకాల్లో అవీ దొరికాయి. కాసులపేరు వేసుకోవాలన్న కోరిక మన ఆడవాళ్ళకు రెండు వేల ఏళ్ళ నాటిదన్నమాట. నాకు ఇది ఏ కోట్ల ధరకన్నా గొప్పగా అనిపిస్తుంది.

కానీ నెల్లూరు కాసులు భూమిలోంచి వచ్చాయి, మెడ నుంచి మెడకు రాలేదు. ఇదే కీలకం. బంగారు నగ మన ఇళ్ళల్లో రెండు వేల ఏళ్ళు అలాగే నిలవదు. కోడలి పెళ్ళికి కరుగుతుంది, కరువులో తాకట్టు పడుతుంది, పోకడ మారితే పుటానికి వెళుతుంది. ఇప్పుడు మీ పెట్టెలో ఉన్న కాసులపేరు వయసు నాలుగైదు తరాలు ఉంటే అదే చాలా పెద్ద వయసు. మీ ముత్తాత పొలంలో దొరికిన రోమను కాసును పేరులో గుచ్చి ఉండొచ్చు, ఆ అవకాశాన్ని కొట్టేయను. అలాంటి కాసు ఉంటే దాని అంచుకు గాట్లు ఉండవు, సంవత్సరం ఉండదు, లాటిన్ అక్షరాల్లో సీజర్, ఆగస్టస్ బిరుదులుంటాయి. అది కూడా గ్రీకు కాదు.

మరి మన పేర్లలో ఉన్నవేమిటి? సవరన్ల తరవాత ఎక్కువగా కనిపించేవి పుతళీలు. మూడున్నర గ్రాముల పలచని మేలిమి బంగారపు బిళ్ళ, ఒకవైపు నిలబడిన సాధువు ముందు మోకరిల్లిన మనిషి, మధ్యలో జెండా కర్ర, రెండోవైపు కోడిగుడ్డు ఆకారపు చట్రంలో చుక్కల మధ్య నిలుచున్న మూర్తి. ఇది వెనిస్ నగరం 1284లో మొదలుపెట్టిన డ్యుకాట్. మోకరిల్లినవాడు ఆ నగర పాలకుడు, ఎదురుగా ఉన్నది సెయింట్ మార్కు, చుక్కల్లో ఉన్నది క్రీస్తు. తమిళులు ఆ కర్రను తాటిచెట్టుగా, మనిషిని గీత కార్మికుడిగా చూసి శాణార్ కాసు అన్నారు. ఇక్కడి కంసాలులు దాన్ని చూసి సొంత అచ్చులు చేసుకున్నారు, వాటిలో అక్షరాలు గీతలుగా మారిపోతాయి. ఆ గీతలనే ఇవాళ గ్రీకు లిపి అంటున్నారు. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో బాణాల కట్ట పట్టుకున్న కవచధారి ఉంటే డచ్చి డ్యుకాట్. డచ్చివాళ్ళు మచిలీపట్నంలోనూ, 1613 నుంచి పాలకొల్లులోనూ వర్తకం చేశారు, కాబట్టి అది కనబడితే ఆశ్చర్యం లేదు. అతణ్ణి గ్రీకు సైనికుడు అనకండి. సింహం, తాటిచెట్టు ఉన్న తులం బరువు బిళ్ళ ఈస్టిండియా కంపెనీ మొహరు, 1835 లేదా 1841 అని సంవత్సరం వేసి ఉంటుంది. రాముడి పట్టాభిషేకం ఉన్నది రామటెంకి, పూజకు చేసిన బిళ్ళ. చిన్న లక్ష్మీకాసులు కంసాలి అచ్చు మీద కొట్టినవి. వీటన్నిటి పక్కన చిలకలపూడి పని కూడా ఉంటుంది. బందరు పక్కన ఉన్న ఆ ఊరి పనివాళ్ళు పూత నగలు ఎంత బాగా చేస్తారంటే, తరం మారాక ఏది బంగారమో ఏది పూతో ఇంట్లోవాళ్ళకే తెలియదు.

సవరన్లే ఎందుకంత ఎక్కువ? ఇక్కడే మన అసలు కథ ఉంది. గోదావరికి ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణకు బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కాలవలు వచ్చాక ఈ లోతట్టు నేలల్లో వరి నమ్మకంగా పండింది, బియ్యం ఊరు దాటి పోయింది. 1899లో ప్రభుత్వం సవరనును పదిహేను రూపాయలకు ఇండియాలో చెల్లే నాణెంగా చట్టం చేసింది. 1920లో లెక్క మార్చి పది రూపాయలు చేసేదాకా అదే ధర నడిచింది. పంట అమ్మినవాడికి అది ఒకే ధరకు దొరికే బంగారం, స్వచ్ఛత మీద అనుమానం లేని బంగారం. కంసాలి తరుగు తీస్తాడన్న భయం లేదు. రైతు దాన్ని ఇంటికి తెచ్చాడు, ఇంటావిడ రింగు వేయించి పేరులో గుచ్చింది.

మా వైపు ఒక ఇంట్లో నేను చూసిన పేరులో విక్టోరియా ముసుగు తల కాసులున్నాయి, ఎడ్వర్డువి ఉన్నాయి, జార్జివి ఉన్నాయి. డ్రాగను కింద గీత మీద, సంవత్సరానికి పైన, కొన్నిటికి చిన్న ‘ఎస్’, కొన్నిటికి ‘ఎం’, ఒకదానికి ‘పీ’. సిడ్నీ, మెల్‌బోర్న్, పెర్త్ టంకసాలల గుర్తులవి. ఆస్ట్రేలియా గనుల బంగారం ఓడల్లో ఇండియాకు వచ్చి, వడ్ల డబ్బుగా మారి, కొల్లేటి ఒడ్డున ఒక ఆడపిల్ల మెడలో ఆగింది. ఇంకో కాసు మీద ‘ఐ’ ఉంది, సంవత్సరం 1918. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బొంబాయిలో లండన్ టంకసాల శాఖ పెట్టి ఆ ఒక్క సంవత్సరం పేరు మీదే దాదాపు 13 లక్షల సవరన్లు కొట్టారు. బ్రిటిష్ పాలనలో ఇండియాలో పుట్టిన సవరను అదొక్కటే. దాన్ని చూసి ఆ పేరు ఇప్పుడున్న రూపంలో 1918కి ముందు పూర్తయ్యే వీలు లేదని తేల్చి చెప్పొచ్చు. ఏ కాసు ఎప్పుడు చేరిందో, ఏ ఏడాది పంట బాగుందో, ఏ కూతురు పుట్టాక కొన్నారో కుటుంబం కూర్చుని లెక్కవేసుకోగల పత్రం అది. ఆ ఇంట్లోవాళ్ళకు దాన్ని చూపించి ‘ఇది గ్రీకు’ అన్నవాడు వాళ్ళ తాతముత్తాతల చెమటను చెరిపేసి ఎవరో రాజు పేరు రాశాడు. నా కోపం అక్కడే.

ఆ అబద్ధం ఎవరికి లాభమో కూడా చూడాలి. ఊళ్ళల్లో తిరిగే దళారులు రెండు రకాలు. ఒకడు వచ్చి ‘ఇది గ్రీకు నాణెం, ప్రభుత్వానికి తెలిస్తే తీసుకుపోతుంది, గుట్టుగా నాకిచ్చెయ్’ అని భయపెట్టి బంగారం ధర కూడా ఇవ్వకుండా పట్టుకుపోతాడు. ఇంకొకడు కోట్ల ధర చెప్పి, పరీక్ష పత్రానికి ముందుగా డబ్బు కట్టమంటాడు. రైస్ పుల్లర్ పేరుతో బియ్యాన్ని ఆకర్షించే రాగి పాత్ర అని చెప్పి ఎంతమందిని ముంచారో మనకు తెలుసు, ఇదీ ఆ జాతి మోసమే. వీళ్ళు కాక, నకిలీ సరుకు బయటి దేశాల నుంచి కూడా వస్తోంది. గుడ్లగూబ బొమ్మ ఉన్న ఏథెన్స్ వెండి నాణెం నకళ్ళను జ్ఞాపికలుగా అమ్ముతారు, వాటిని లాకెట్టుగా కట్టించుకుని తెచ్చినవాళ్ళు నిజమైనవే అనుకుంటున్నారు. అసలుది 17 గ్రాముల పైన తూగుతుంది, సుత్తిదెబ్బకు అంచులు పగిలిన ఆనవాళ్ళుంటాయి. పోతపోసిన నకలుకు అంచు చుట్టూ సన్నని అతుకు గీత, పైన చిన్నచిన్న బుడగల గుంటలు కనిపిస్తాయి.

చట్టం సంగతి వక్రీకరించి భయపెడుతున్నారు కాబట్టి అదీ చెప్పాలి. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధిని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుంది. వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుందనీ, దాన్ని దేశం దాటించకూడదనీ, పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉండాలనీ 1972 చట్టం చెబుతుంది. అమ్మమ్మ ఇచ్చిన కాసులపేరు ఇంట్లో ఉంచుకోవడం నేరమని ఏ చట్టమూ చెప్పలేదు. ‘విదేశాల్లో అమ్మిపెడతాను’ అన్నవాడే మిమ్మల్ని నేరంలోకి లాగుతున్నాడు.

కాసును శుభ్రం చేస్తే అక్షరాలు బయటపడతాయన్న సలహాకు ఒక్క మాట. చింతపండు, కుంకుడురసం బంగారాన్ని కరిగించవు, నిజమే. కానీ ఇటుకపొడి, గట్టి బ్రష్షు బొమ్మను అరగదీస్తాయి. వెండి, రాగి నాణేల మీద పేరుకున్న రంగును తోమేస్తే వాటి విలువ పోతుంది, తిరిగి రాదు. రింగు ఊడదీయడానికి మళ్ళీ వేడి పెడితే అంచు గాట్లు చెడిపోవచ్చు. గుర్తుపట్టడానికి ఏది కావాలో దాన్నే చెరిపేసుకోవడం అవుతుంది. నగను ముట్టుకోకుండానే దాదాపు అన్నీ తేలిపోతాయి.

కాబట్టి ముదినేపల్లి, కొల్లేటి ఊళ్ళ ఆడపడుచులకూ, వాళ్ళ ఇళ్ళ మగవాళ్ళకూ నా విన్నపం ఇది. పేరు తెగ్గొట్టకండి. మంచి వెలుతురులో ప్రతి కాసు బొమ్మా, బొరుసూ, అంచూ ఫోటో తీయండి. సంవత్సరం, గీత మీద అక్షరం, రాజు తల ఒక కాగితం మీద రాసుకోండి. ఆ నగ ఎవరు చేయించారో, ఎవరి పెళ్ళికి ఎవరి చేతికి వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి ఆ కాగితం మీదే చేర్చండి. గాట్లు లేని అంచు, సంవత్సరం లేని బొమ్మ, తల పైన రెండు చిల్లులు ఉన్న కాసు కనబడితే దాన్ని ఏ దళారికీ చూపించకుండా ఫోటోలతో విజయవాడ బాపు మ్యూజియానికో, పురావస్తు శాఖ అధికారుల దగ్గరికో వెళ్ళండి. గుర్రమెక్కిన వీరుడు, కింద సంవత్సరం ఉంటే అది ఇంగ్లీషు సవరను. 22 క్యారట్ల 7.98 గ్రాముల బంగారం, సాధారణంగా అంతే విలువ. ఎవరు ఎక్కువ చెప్పినా నమ్మకండి, తక్కువకు అడిగినా ఇవ్వకండి.